అయిపోయిన సెల్లు నిజంగా అయిపోదు

ముప్పై రెండేళ్లు వాచీలు, గోడ గడియారాలు బాగుచేసి బతికాను. బల్ల మీద ఎడమచేతి పక్కన ఒక సాసరు ఉండేది. వాచీ వెనక మూత తీయడం, పాత సెల్లు, అంటే బిళ్లలా ఉండే బటన్ బ్యాటరీ, పట్టకారుతో లేపి ఆ సాసరులో పడేయడం, కొత్తది వేయడం. టక్కుమని ఒక శబ్దం వచ్చేది. రోజంతా ఆ శబ్దం వింటూనే ఉన్నాను గానీ, ఆ సాసరు గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. పని మానేసి ఇంటిపట్టున ఉన్నాక కూడా ఎవరి రిమోటు మొరాయించినా, ఏ పిల్లాడి బొమ్మ పాట ఆపేసినా నా బల్ల దగ్గరికే వచ్చేవి. సాసరూ అక్కడే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మా మనవడు కుర్చీ లాక్కొని బల్లెక్కి, ఆ సాసరులో వేళ్లు పెట్టి సెల్లన్నీ కలియబెడుతున్నాడు. వాడికింకా రెండేళ్లు నిండలేదు. గలగలమంటున్నాయి కదా, మహా సరదాగా ఉంది వాడికి. పొద్దున తూకం మిషన్‌లోంచి తీసిన పెద్ద బిళ్ల ఒకటి, పాట పాడే కుందేలు బొమ్మలోంచి తీసిన చిన్నవి మూడు, మొత్తం నాలుగు ఉండాలి. లెక్కపెడితే మూడే ఉన్నాయి. పెద్దది లేదు.

ఆ రోజు మేం చేసిన తప్పేమిటో తర్వాత చెప్తాను. ఈలోగా ఒక మాట: మీ పిల్లాడు సెల్లు మింగాడేమోనన్న అనుమానంతో ఇది చదువుతుంటే, చదవడం ఆపేసి ఆసుపత్రికి బయల్దేరండి. ఎక్స్‌రే తీసే ఆసుపత్రి, పిల్లలకి ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నటి గొట్టం దించి లోపల చూసి తీయడం) చేసే ఆసుపత్రి అయితే మరీ మంచిది. మిగతాది దారిలో ఎవరి చేతైనా చదివించుకోవచ్చు.

ఇది విషం సంగతి కాదు, కరెంటు సంగతి

సెల్లు మింగితే లోపలున్న మందు కారి విషం ఎక్కుతుందని నేనూ అనుకునేవాణ్ణి. గొంతుకి అడ్డం పడి ఊపిరాడకపోవడమే ప్రమాదం అనేవాళ్లూ ఉన్నారు. అసలు దెబ్బ వేరే. సెల్లు చెక్కు చెదరకుండా, ఒక్క చుక్క కారకుండా ఉన్నా కాలుస్తుంది. అన్నవాహికలో ఇరుక్కున్న బిళ్లకి రెండు పక్కలా తడి కండ అతుక్కుంటుంది. ఒంట్లో తడి అంటే ఉప్పునీరే కదా, దానిలోంచి కరెంటు పారుతుంది. టార్చిలైటులో బల్బు ఉండే చోట ఇక్కడ పిల్లాడి గొంతు ఉందన్నమాట. మైనస్ వైపున ఆ తడి విడిపోయి ఘాటైన క్షారం పుడుతుంది. మూసుకుపోయిన తూముల్లో పోసే మందు లాంటిది. అది కండని కరిగిస్తుంది. పావుగంటలో మొదలవుతుంది, రెండు గంటల్లో ముదిరిపోతుంది.

వినగానే నాకూ నమ్మబుద్ధి కాలేదు. అందుకని చేసి చూశాను. పసుపు నీళ్లకి క్షారం తగిలితే ఎర్రబడుతుందని చిన్నప్పుడు బళ్లో చూసిందే. తెల్లగుడ్డ ముక్కని పసుపు, కాస్త ఉప్పు కలిపిన నీళ్లలో తడిపి పళ్లెంలో పరిచాను. పాడైందని తీసేసిన సెల్లొకటి దాని మీద బోర్లించాను. బోర్లించడం అంటే, ప్లస్ గుర్తూ నంబరూ ఉన్న వెడల్పు వైపు పైకి, కాస్త చిన్నగా ఉండే మైనస్ వైపు గుడ్డకి ఆనేలా. కాసేపటికి బిళ్ల అంచున సన్నటి నురగ లేచింది. తర్వాత పసుపు మీద ఎర్రటి గీత, సున్నం తగిలినట్టు. పావుగంట పోయాక ఎత్తి చూస్తే అడుగున బిళ్ల ఆకారంలోనే ఎర్రటి మచ్చ. ఆ మచ్చ చూశాక సాసరు తీసి అవతల పెట్టేశాను. ఇది మీరూ చేసి చూడొచ్చు గానీ పిల్లల ముందు మాత్రం వద్దు. పెద్దవాళ్లు ఆసక్తిగా చేసే పని ఏదైనా వాళ్లకి ఆటే.

ఆ సెల్లు "అయిపోయిన" సెల్లు. మనం అయిపోయిందంటే అర్థం ఆ మిషన్‌ని నడిపేంత సత్తువ దానికి లేదని, అంతే. మీటరు పెట్టి చూడండి. 3 ఓల్టుల బిళ్ల రిమోటులో పనిచేయడం మానేశాక కూడా 2.6, 2.7 చూపిస్తూ ఉంటుంది. నీటిని విడగొట్టడానికి లెక్క ప్రకారం 1.23 ఓల్టులు చాలు. కాబట్టి కొత్త సెల్లు పైఅరలో దాచి, పాతది బల్ల మీదో కిటికీ గట్టు మీదో వదిలేసే మన అలవాటు తలకిందుల అలవాటు.

నంబరు చదవడం నేర్చుకోండి

బిళ్ల మీద సీఆర్2032 అని ఉంటుంది. మొదటి రెండంకెలు వెడల్పు, 20 మిల్లీమీటర్లు. చివరి రెండు మందం, 3.2 మిల్లీమీటర్లు. సీఆర్2025 అయితే అదే వెడల్పు, మందం రెండున్నర. సీఆర్2016 ఇంకా పలచన. ముందున్న సీ అక్షరం లిథియం రకమని, ఆర్ అంటే గుండ్రనిదని. ఈ మూడూ 3 ఓల్టులవే. బొమ్మల్లో, చిన్న టార్చీల్లో ఎక్కువగా కనిపించే ఎల్ఆర్44 మాత్రం ఈ లెక్కలో చదవకూడదు. దాని వెడల్పు 11.6 మిల్లీమీటర్లు, 1.5 ఓల్టులు.

అన్నిటికన్నా భయపడాల్సింది 20 మిల్లీమీటర్ల బిళ్లకి. చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే కొలత అది, పైగా ఓల్టులు రెండింతలు. ఆరేళ్లలోపు వాళ్లకి, అందులోనూ పాకే వయసు నుంచి నాలుగేళ్ల దాకా, ఇదే పెద్ద గండం. చిన్న బిళ్లలు చాలాసార్లు కిందికి జారిపోతాయి గానీ, వాటినీ తేలిగ్గా తీసుకోకండి. అవి కూడా ఇరుక్కుంటాయి. ముక్కులోకీ చెవిలోకీ దూరేవి ఎక్కువగా అవే. వినికిడి మిషన్‌లో వేసేవి మరీ చిన్నవి. ఆ మిషన్ పెట్టుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడాలి, ఎందుకంటే పాతది తీసి దిండు పక్కన పెట్టుకోవడం వాళ్లకి నా సాసరు లాంటి అలవాటే.

ఇల్లంతా ఒక చుట్టు

ఒక ఆదివారం పొద్దున స్క్రూడ్రైవరు, టేపు, ఒక సంచీ పట్టుకుని ఇల్లంతా తిరగండి. నిలబడి కాదు, నేల మీద మోకాళ్ల మీద తిరగండి. పిల్లాడి కళ్లకి కనిపించేవి మన కళ్లకి కనిపించవు. మంచం కింద గోడ వారగా నాకొక సెల్లు దొరికింది. ఏ కాలం నాటిదో కూడా తెలీదు.

బొమ్మల్లో చూడాల్సింది సెల్లు ఉందా లేదా అన్నది కాదు. వెలుగూ చప్పుడూ ఉన్న ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. చూడాల్సింది మూతని. మూతకి స్క్రూ ఉందా? ఉంటే బిగిసి ఉందా, లేక ఎప్పుడో ఊడిపోయి కన్నం మాత్రమే మిగిలిందా? మా ఇంట్లో పదకొండు బొమ్మలు చూస్తే నాలుగింటికి స్క్రూ లేదు. నాలుగూ నేను రిపేరు చేసినవే. "మళ్లీ మళ్లీ తియ్యాలి కదా, ఎందుకులే" అని నేనే బిగించకుండా వదిలేశాను. మంచి బొమ్మల్లో స్క్రూ మొత్తం విప్పినా మూతని వదిలి కింద పడదు, దాంట్లోనే వేలాడుతూ ఉంటుంది. అలాంటిది కనిపిస్తే తయారుచేసినవాడు బుద్ధిగా ఆలోచించాడని అర్థం.

స్క్రూ బిగించాక బొటనవేలి గోరు మూత అంచున పెట్టి లేపి చూడండి. తర్వాత బొమ్మని నడుమెత్తు నుంచి గట్టి నేల మీద రెండు మూడుసార్లు పడేయండి. బొమ్మ పాడవుతుందని జాలిపడకండి, పిల్లాడు రోజూ చేసేది అదే. మూత కదిలినా, ప్లాస్టిక్ చిట్లినా ఆ బొమ్మ పని అయిపోయినట్టే. టేపు చుట్టి తిరిగి ఇచ్చేద్దామని అనిపిస్తుంది. ఇవ్వకండి. టేపు ఊడబీకడం పిల్లలకి ఇష్టమైన పని.

దూది బొమ్మల సంగతి కొంచెం వేరు. పొట్ట నొక్కితే పాడే కుందేలు, ఎలుగుబంటి లాంటి వాటిలో పొట్ట లోపల చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో ఎల్ఆర్44లు రెండో మూడో ఉంటాయి. పైన కుట్టే దానికి కాపలా. రెండుసార్లు ఉతికేసరికి కుట్టు వదులవుతుంది. వేళ్లతో పొట్ట తడిమి, డబ్బా ఎక్కడుందో చూసి, దాని చుట్టూ కుట్టు లాగి చూడండి. పాట మానేసిన దూది బొమ్మకి డబ్బా ఎందుకు? కుట్టు విప్పి డబ్బా తీసేసి, మళ్లీ గట్టిగా కుట్టేయండి. మా మనవడు కుందేలు పాడట్లేదని ఒక్కరోజు అడిగాడు, ఆ తర్వాత వాడే దానికి పాడి వినిపించడం మొదలుపెట్టాడు.

నడిస్తే మెరిసే బూట్లు, తిప్పితే వెలిగే బొంగరాలు, వేలికి తొడిగే లైట్లు, తెరిస్తే పాడే గ్రీటింగ్ కార్డులు కూడా చూడండి. గ్రీటింగ్ కార్డు కాగితమే కదా అని పిల్లల చేతికి ఇచ్చేస్తాం. చింపితే బిళ్ల నేరుగా చేతికొస్తుంది, దానికి స్క్రూ లేదు, మూత లేదు. ఎవరైనా వేడుకల్లో ఉచితంగా పంచే మెరిసే వస్తువులు కూడా ఈ కోవలోవే. అలాంటివి ఇంటికొస్తే నేను ఆ రాత్రే విప్పేస్తాను.

ఇంట్లో వేర్వేరు వయసుల పిల్లలుంటే పెద్దవాడి బొమ్మలే చిన్నవాడికి ముప్పు. ఎనిమిదేళ్ల పిల్లాడికి స్క్రూడ్రైవరు తిప్పడం వచ్చు, సెల్లు మార్చడం అంటే గొప్ప. వాణ్ణి తిట్టొద్దు, మీ పక్కన కూర్చోబెట్టుకుని పద్ధతి నేర్పండి. పాత సెల్లు నీ చేతిలోంచి నేరుగా నా చేతిలోకే రావాలి, మధ్యలో ఎక్కడా పెట్టకూడదు అని. మా పెద్ద మనవరాలు ఇప్పుడు ఈ విషయంలో నన్నే అదిలిస్తుంది.

బల్బు, మోటారు ఉండే పెద్ద బొమ్మల్లో వేసే పెన్సిల్ సెల్లు మింగే ప్రమాదం తక్కువ. వాటి గొడవ కారడం. పాతవీ కొత్తవీ కలిపి వేసినా, ఒకటి తిరగేసి వేసినా, నెలల తరబడి వాడకుండా వదిలేసినా కారతాయి. తెల్లగా పొడి పేరుకున్నట్టు కనిపించేది కూడా చాలాసార్లు క్షారమే, పిల్లల చేత తుడిపించకండి. చార్జింగ్ బొమ్మ ఉబ్బినా, పట్టుకోలేనంత వేడెక్కినా ఇక దాని జోలికి పోకండి.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. సంచీలో బొమ్మలన్నీ వేసేసి "హమ్మయ్య" అనుకుంటాం గానీ, ఎక్కువ ప్రమాదం బొమ్మలు కాని వాటిలోనే. బొమ్మల మూతకి స్క్రూ ఉండాలన్న నియమాలు చాలాచోట్ల ఎప్పటి నుంచో ఉన్నాయి. ఏసీ రిమోటుకి, కారు తాళానికి, తూకం మిషన్‌కి, జ్వరం చూసే థర్మామీటరుకి, ఉత్తుత్తి కొవ్వొత్తులకి ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటి వస్తువులన్నిటికీ బిళ్ల సెల్లుల నిబంధనలు తప్పనిసరి చేసిన మొదటి దేశం ఆస్ట్రేలియా. అవి అమల్లోకి వచ్చింది 2022 జూన్ 22న. అదే ఏడాది ఆగస్టులో అమెరికా కూడా చట్టం తెచ్చింది. దాన్ని రీస్ చట్టం అంటారు. రిమోటులోని బిళ్ల సెల్లు వల్ల 2020 డిసెంబరులో ప్రాణం పోయిన ఏడాదిన్నర పాప పేరు అది. ఆ చట్టాలు రాకముందు తయారైన వస్తువులు ఇప్పటికీ మన ఇళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. అరచేతిలో ఇమిడే సన్నటి రిమోటుని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిలో సెల్లు ఉండేది చిన్న సొరుగులాంటి దాంట్లో, గోటితో లాగితే వచ్చేస్తుంది. పిల్లలకి రిమోటు ఇచ్చి అన్నం పెట్టే ఇళ్లుంటే (మా ఇల్లూ ఒకటి) ముందు దాని సంగతి చూడాలి. అలాంటి సొరుగు రిమోటుకి గోడ మీద ఎత్తున తగిలించే స్టాండు ఒక్కటే దారి.

సెల్లు మార్చే ఆ ఐదు నిమిషాలు

నా లెక్కలో అతి ప్రమాదకరమైన సమయం ఇదే. మూత తీసి ఉంటుంది, పాతది బయట ఉంటుంది, కొత్తది ప్యాకెట్ చింపి ఉంటుంది, మన చూపు స్క్రూ మీద ఉంటుంది. ఫోను మోగుతుంది.

నేను ఇప్పుడు చేసేది ఇది. పిల్లాడు నిద్రపోయాక గానీ మొదలుపెట్టను. పని నేల మీద కాదు, బల్ల మీదే. కింద లేతరంగు తువ్వాలు పరుస్తాను. బిళ్ల చేయిజారితే ఎగిరి దొర్లిపోదు, పడ్డచోటే ఉంటుంది. వాచీల పనిలో మేం నేర్చుకున్న మొదటి పాఠం అదే, స్క్రూలు పోగొట్టుకోకుండా. పాత సెల్లు బయటికి రాగానే, కొత్తది వెయ్యకముందే దానికి టేపు వేస్తాను. రెండంగుళాల సెలోటేపు ముక్క తీసి, జిగురు వైపు మధ్యలో బిళ్ల పెట్టి, టేపుని మడిచి, చుట్టూ వేలితో నొక్కేస్తే చాలు. రెండు ముఖాలూ మూసుకుపోతాయి. రెండు సెల్లు ఒకదానికొకటి తగిలి వేడెక్కడం కూడా దీంతో తప్పుతుంది. చెత్తబుట్టల్లో మంటలు రేగడానికి అదొక కారణం. అయితే టేపు వేసింది మింగినా ఏం కాదని మాత్రం అనుకోకండి. గొంతులో టేపు ఎంతసేపు నిలుస్తుందో ఎవరు చూశారు?

టేపు వేసిన బిళ్ల స్క్రూ మూత ఉన్న సీసాలోకి, సీసా పైఅరలోకి, అక్కణ్ణుంచి పాత బ్యాటరీలు తీసుకునే చోటుకి. మామూలు చెత్తలో వద్దు. కొత్త సెల్లు మిగిలితే అట్ట ప్యాకెట్‌లోంచి తీయకుండా అలాగే దాచండి. కత్తెర లేనిదే చిరగని ఆ ప్యాకెట్ మీద మనం విసుక్కుంటాం గానీ, అది చిరగకూడదనే అలా చేస్తారు. ప్యాకెట్ మీద ఎన్ని ఉన్నాయో పెన్నుతో రాసిపెట్టడం నాకున్న మరో చాదస్తం. ఒకటి తగ్గితే వెంటనే తెలుస్తుంది.

చేదు పూత పూసిన బిళ్లలు కూడా వస్తున్నాయి. నోట్లో పెట్టుకోగానే ఉమ్మేస్తారని ఆశ. పనికొచ్చే ఆలోచనే, కానీ ఆ చేదు తెలిసేలోపే గుటుక్కుమనే పిల్లలుంటారు. దాన్ని నమ్ముకుని సెల్లు కింద వదలకండి. కొన్ని పరికరాల్లో ఆ పూత కనెక్షన్‌కి అడ్డుపడి సెల్లు పనిచేయదు కూడా.

ఇక కొనేటప్పుడు. పెట్టె మీద ఏ సెల్లు, ఎన్ని అన్నది రాసి లేని బొమ్మ, తయారీదారు పేరు లేని బొమ్మ, గోటితో మూత తెరుచుకునే బొమ్మ నేను కొనను. పెన్సిల్ సెల్లుతో నడిచేది దొరుకుతుంటే బిళ్ల సెల్లుది ఎందుకు? అసలు మూడేళ్లలోపు పిల్లాడికి వెలుగూ పాటా లేని బొమ్మ అయినా ఒకటే. కొనేది మన సరదాకి, అది వేరే విషయం.

ఆ రోజు సంగతి, మీకు అలాంటి రోజు వస్తే చెయ్యాల్సింది

సాసరులో మూడే ఉన్నాయని చెప్పగానే మా అమ్మాయి మొహం పాలిపోయింది. మనవడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. దగ్గు లేదు, ఏడుపు లేదు. "మింగి ఉండడులే, ఎక్కడో పడేసి ఉంటాడు" అన్నాను నేను. అందరం వెతకడం మొదలుపెట్టాం. అల్లుడు టార్చి పట్టుకుని సోఫా కింద దూరాడు, మా ఆవిడ చాపలు దులిపింది, నేను బల్ల సొరుగులన్నీ గుమ్మరించాను. గడియారాల మనిషినై ఉండి గడియారం చూడలేదు. నలభై నిమిషాలు గడిచాయి. చివరికి అల్లుడే లేచి, "మామయ్యా, దొరికితే మంచిదే, దొరక్కపోతే ఎంతసేపని వెతుకుతాం? పదండి" అని వాణ్ణి ఎత్తుకుని బయల్దేరాడు.

ఆ నలభై నిమిషాలే మా తప్పు. వెతుకులాటకి అంతు లేదు, ఎక్స్‌రేకి కొన్ని నిమిషాలు చాలు. డాక్టరుగారు మెత్తగానే అన్నారు: "వెతికేవాళ్లు ఇంట్లో వెతుకుతూ ఉంటారు, పిల్లాణ్ణి మీరు తీసుకొచ్చెయ్యాలి." పిల్లాడు హాయిగా ఆడుకుంటున్నాడు కదా అన్నది ధైర్యం కాదు. సెల్లు ఇరుక్కున్న పిల్లలు మొదట్లో ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు.

దారి ఖర్చుల కోసం జేబు తడుముకునేటప్పుడు చెయ్యాల్సింది ఇంకొకటుంది. పోయిన సెల్లుకి జోడీ సెల్లో, దాని ప్యాకెట్టో, ఆ వస్తువో చేత్తో పట్టుకెళ్లండి. నంబరు చూస్తే కొలత, రకం వాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఆసుపత్రి గుమ్మంలోనే "బటన్ బ్యాటరీ మింగాడేమో" అని ఆ మాటతోనే చెప్పండి. "ఏదో మింగాడు" అంటే వరసలో కూర్చోబెట్టొచ్చు.

వాంతి చేయించకండి. కనబడని దాని కోసం గొంతులో వేలు పెట్టి కెలకకండి. అన్నం, అరటిపండు, పాలు, నీళ్లు ఏవీ పెట్టకండి. మత్తు ఇచ్చి తీయాల్సి రావచ్చు. దీనికి ఒక్క మినహాయింపు తేనె. పిల్లాడికి ఏడాది నిండి ఉండి, మింగి పన్నెండు గంటలు దాటకుండా, గుటక వేయగలుగుతూ ఉంటే, పది నిమిషాలకొకసారి రెండు టీస్పూన్లు, అంటే 10 మిల్లీలీటర్ల చొప్పున, ఆరుసార్ల దాకా ఇవ్వొచ్చని విషచికిత్స నిపుణులు చెప్తున్నారు. తేనె చిక్కగా సెల్లుకీ కండకీ మధ్య పూతలా నిలిచి, క్షారం ఘాటుని కొంత తగ్గిస్తుంది. ఏడాదిలోపు పిల్లలకి తేనె అసలు వద్దు, బొటులిజం అనే జబ్బు రావచ్చు. ఇది దారిలో చేసే పని మాత్రమే. తేనె పట్టి ఇంట్లో కూర్చోవడానికి కాదు, తేనె కోసం దుకాణం ముందు బండి ఆపడానికీ కాదు.

ఎక్స్‌రే తీసినాయన, నా జేబులో ఉన్న జోడీ సెల్లుని వేళ్ల మధ్య తిప్పుతూ నాకొకటి చూపించారు. నాణెం అయితే ఫిల్ము మీద ఒకే అంచున్న గుండ్రం. సెల్లు అయితే గుండ్రంలో గుండ్రం, అంచు లోపల ఇంకో అంచు. పక్క నుంచి తీస్తే చిన్న మెట్టు కనిపిస్తుంది, మైనస్ ముఖం చిన్నది కాబట్టి. నాణెం అనుకుని "రేపు చూద్దాం" అంటే ఎంత నష్టమో అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఎవరైనా "రూపాయి మింగాడేమో, అదే పోతుందిలే" అంటే వినకండి. అది రూపాయో సెల్లో మీకు తెలీదు.

మింగడం ఎవరూ చూడకపోతే ఇంకా కష్టం. జలుబు లేకుండా దగ్గు, ఆగకుండా చొంగ, గట్టి తిండి వద్దని పాలు మాత్రమే తాగడం, వాంతులు, గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని ఏడవడం, ఊపిరిలో గురక. ఇవన్నీ మామూలు జబ్బుల్లాగే ఉంటాయి. రక్తం వాంతి, నల్లటి విరేచనం అయితే క్షణం ఆగకూడదు. ఇంట్లో ఏదైనా వస్తువు మూత తెరిచి ఉండి, పిల్లాడు ఇలా ఉంటే రెండింటినీ కలిపి చూడండి. డాక్టరుకి తట్టకపోయినా "ఒకసారి ఎక్స్‌రే తీస్తారా?" అని మీరే అడగండి. మొహమాటపడే చోటు కాదిది.

ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటే కూడా ఇదే తొందర. చుక్కల మందు వెయ్యకండి, నూనె పొయ్యకండి. తడి తగిలేకొద్దీ సెల్లు చురుగ్గా పనిచేస్తుంది. పిన్నులతో లాగబోతే ఇంకా లోపలికి పోతుంది. ఒక ముక్కురంధ్రం నుంచే చీమిడి, దుర్వాసన, రక్తపు చారలు వస్తుంటే అనుమానించండి.

సెల్లు పొట్టలోకి జారిపోయి ఉంటే చాలాసార్లు దానంతటదే బయటికి పోతుంది. అయితే ఊరుకోవాలా తీయాలా అన్నది పిల్లాడి వయసు, బిళ్ల కొలత చూసి డాక్టర్లు చెప్పాల్సిందే. అన్నవాహికలో ఉంటే మాత్రం ఎండోస్కోపీతో వెంటనే తీస్తారు. తీసిన తర్వాత కూడా అయిపోయిందనుకోకండి. కాలిన చోటు రోజుల తరబడి, వారాల తరబడి లోపలికి తొలుచుకుపోవచ్చు. పక్కనే శ్వాసనాళం, పెద్ద రక్తనాళం ఉంటాయి. ఇంటికొచ్చాక ఒక చెంచాడు రక్తం కక్కినా అది హెచ్చరికే, తిరిగి ఆసుపత్రికే. తిన్నప్పుడల్లా దగ్గు వచ్చినా, గొంతు మారినా కబురు చెయ్యాలి. రమ్మన్న రోజున వెళ్లడం మానకండి.

సెల్లుతో పాటు ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. చిన్న బంతుల్లా ఉండే గట్టి అయస్కాంతాలు. రెండు మింగితే పేగుల మధ్య ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో ఉన్నదాన్ని నొక్కేసి కన్నం చేస్తాయి. ఇంట్లో ఉంటే తీసెయ్యండి. దాని గురించి రాయాలంటే ఇంత రాయాలి.

మా వాడి ఎక్స్‌రేలో ఏమీ లేదు. గొంతు, ఛాతీ, పొట్ట అన్నీ శుభ్రం. అంతా ఇంటికొచ్చి మళ్లీ వెతికాం, దొరకలేదు. మా ఆవిడ చీపురు పట్టినప్పుడల్లా ఒంగి ఒంగి చూసేది. మూడు వారాల తర్వాత మా మనవరాలి డిబ్బీ నిండిందని తెరిచి, నాణేలు చాప మీద గుమ్మరించి ఇద్దరూ లెక్కపెట్టుకుంటున్నారు. "తాతా, ఈ రూపాయి మీద బొమ్మ లేదేంటి?" అంటూ పట్టుకొచ్చింది. సీఆర్2032. తమ్ముడు అక్క డిబ్బీలో డబ్బులు వేశాడు. మీటరు పెట్టి చూశాను. 2.7 చూపించింది.